బడికి తాళం పడేలోపు చిన్న తరగతుల పిల్లల అమ్మానాన్నలు చూసుకోవాల్సిన పనులు

మార్చి 15కి ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే చాలు, ఇంట్లో అందరికీ సెలవులు వచ్చేసినట్టే ఉంటుంది. పిల్లలు మధ్యాహ్నం భోజనం తినేసి ఇంటికొచ్చేస్తారు, ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి, "పరీక్షలు ఎప్పుడు అయిపోతాయి, ఎప్పుడు పంపిస్తారు" అని అమ్మమ్మలు అడుగుతూనే ఉంటారు. నేను తెలంగాణలో సర్కారు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్తాను, కాబట్టి ఇక్కడ రాసేది ఎక్కువగా మా దగ్గర జరిగే పద్ధతే. ఆంధ్రాలో తేడా ఉన్నచోట ఆ మాట కూడా చెప్తాను. ఏడాది మొత్తంలో తల్లిదండ్రులు బడికి వచ్చి తీరాల్సిన రోజులు ఏవంటే జూన్ కంటే ముందు ఏప్రిల్ అనే అంటాను. జూన్‌లో ఇచ్చేవి ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు, ఏప్రిల్‌లో సరిచేసుకోవాల్సినవి మాత్రం మీరు వస్తేనే జరుగుతాయి.

2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు, జూన్ 12న బడులు తెరిచారు. ఏటా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా లెక్క దాదాపు ఇదే. అంటే ఇంచుమించు యాభై రోజులు ఆఫీసు గదికి తాళం ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరు ఆ గదిలో బీరువాలో ఉంటుంది, బీరువా తాళం హెడ్మాస్టర్ దగ్గర ఉంటుంది, ఆ హెడ్మాస్టర్ ఎండాకాలంలో సొంతూర్లోనో ట్రైనింగ్‌లోనో ఉంటారు. మే నెలలో "సార్, అర్జెంటుగా ఒక సర్టిఫికెట్ కావాలి" అని ఫోన్ చేసే తల్లుల టెన్షన్ ప్రతి వేసవిలో చూస్తూనే ఉంటాను, అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు, సెలవులు దగ్గరపడ్డప్పుడు బడి ఇచ్చే నోటీసు సంగతి. ఇప్పుడు చాలా బడుల్లో కాగితం ఇవ్వడం తగ్గింది, తరగతి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేస్తున్నారు. అది గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడిపోతుంది. చూడగానే నొక్కి పట్టుకుని స్టార్ గుర్తు పెట్టుకోండి, తేదీలు మాత్రం వంటింటి క్యాలెండర్ మీద పెన్నుతో రాయండి. చదవడం రాని అమ్మలు, నాయనమ్మలు ఉన్న ఇళ్లకు టీచర్‌ని అడిగితే వాయిస్ మెసేజ్ పెడతారు, మొహమాటపడొద్దు. నోటీసులో ముఖ్యంగా చూడాల్సినవి ఎస్ఏ-2 అనే ఏడాది చివరి పరీక్షల తేదీలు, ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు, ఆఖరి పనిదినం. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చే రోజు కూలి పోతుందని పక్కింటి వాళ్లతో కార్డు తెప్పించుకునే వాళ్లున్నారు. వీలైతే అమ్మో నాన్నో, లేకపోతే కనీసం ఇంట్లో పెద్దవాళ్లెవరైనా రండి, ఎందుకంటే ఆ రోజు పని కార్డు తీసుకోవడం ఒక్కటే కాదు.

వచ్చిన రోజు మొట్టమొదట అడగాల్సింది ఇది: "మా పిల్లల పేరు రిజిస్టరులో ఎలా ఉందో ఒకసారి చూపించండి." ఇది మీ హక్కు, ఎవరూ కాదనరు. మీతో పాటు పిల్లల ఆధార్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్ తీసుకురండి, మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మా రిజిస్టరు పొడుగ్గా ఉంటుంది, ఒక్కో పిల్లవాడికి ఒక్కో అడ్డ వరుస. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అంకెల్లో, మళ్లీ అక్షరాల్లో, కులం, చివర్లో పుట్టుమచ్చలు. ఆ పుట్టుమచ్చల గడి దగ్గర చాలామంది నవ్వుతారు గానీ పిల్లవాడు పదో తరగతికి వచ్చినప్పుడు కూడా అడిగేది అవే, కాబట్టి "కుడి మోచేతి మీద" అని రాసి ఉంటే నిజంగా అక్కడే ఉందో లేదో చొక్కా చెయ్యి పైకి మడిచి చూడండి.

పేరు దగ్గర వచ్చే తేడాలు దాదాపు అన్నీ ఒక్క రకంగానే ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడిలో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. లక్ష్మి అన్న పేరుకి ఇంగ్లిషులో చివర ఒకచోట ఐ, ఇంకోచోట వై. ఒకచోట శ్రీ ముందు ఉంటుంది, ఇంకోచోట అసలు ఉండదు. ఇంట్లో పిలిచే పేరుతో అంగన్‌వాడీలో చేర్చి, అదే పేరు బడి దాకా వచ్చేసిన పిల్లలూ ఉన్నారు. పుట్టిన తేదీ సంగతి ఇంకా పెద్దది. వెనకటి రోజుల్లో అయిదేళ్లు నిండినట్టు లెక్క సరిపోవాలని జూన్‌లో ఏదో ఒక తేదీ వేసి చేర్చేసేవారు, అలాంటి తేదీలతోనే ఇవాళ్టి తల్లిదండ్రుల్లో ఎంతోమంది తిరుగుతున్నారు. మీ పిల్లలకు ఆ బాధ అక్కర్లేదు. చిన్న తరగతుల్లో ఉండగా రిజిస్టరులో తేదీ సరిచేయించుకోవడానికి ఒక అర్జీ, పుట్టిన సర్టిఫికెట్, అధికారుల అనుమతి ఉంటే పని అవుతుంది. అదే తేదీ పదో తరగతి మెమో మీద అచ్చయిపోయాక మార్పించుకోవడం ఎంత కష్టమో, దాని కోసం తిరిగిన వాళ్లనెవరినైనా అడగండి.

ఇంతకీ ఇది ఇప్పుడే ఎందుకంటే, పిల్లల వివరాలన్నీ ఆన్‌లైన్‌లోకి వెళ్లిపోయాయి. బడుల, పిల్లల లెక్కలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లవాడికి బడి మారినా మారని 11 అంకెల పెన్ నంబరు ఉంటుంది, తర్వాత చదువు రికార్డులన్నీ ఒకేచోట ఉంచే 12 అంకెల అపార్ నంబరు. అపార్‌కి తల్లిదండ్రుల సమ్మతి పత్రం మీద మీ సంతకం కావాలి, పైగా బడి రికార్డులో పేరు, తేదీ ఆధార్‌తో కలవకపోతే నంబరు రానే రాదు. మేము కంప్యూటర్ ముందు కూర్చుని ఎన్నిసార్లు నొక్కినా ఎర్రక్షరాల్లో తప్పు చూపిస్తుంది తప్ప ముందుకు కదలదు.

ఆధార్‌ గురించి ఇంకొక్కటి. అయిదేళ్లలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపలు ఉండవు. అయిదేళ్లు నిండాక ఇవి ఇవ్వాలి, ఏడేళ్ల దాకా ఇవ్వకుండా వదిలేస్తే ఆ ఆధార్ పనిచేయకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లల అమ్మానాన్నలు సెలవుల్లో చేయాల్సిన మొదటి పని ఇదే అనుకోండి. అయిదు నుంచి ఏడేళ్ల మధ్య దీనికి రుసుము లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి పుట్టిన సర్టిఫికెట్ చేతిలో లేకుండా అంచనాగా ఏ తేదీ చెప్పొద్దు. పుట్టిన సర్టిఫికెట్‌లో పిల్లల పేరు లేకుండా అమ్మానాన్నల పేర్లే ఉన్న వాళ్లు పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో పేరు ఎక్కించుకోవచ్చు. పుట్టిన ఏడాదిలోపు అయితే ఉచితం, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో. ఇంట్లో 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన చిన్నవాళ్లుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా భద్రం, వాళ్ల విషయంలో బడిలో చేరడానికైనా ఇంకెక్కడైనా పుట్టిన తేదీకి ఆధారం అదేనని చట్టమే మార్చారు.

ఆంధ్రాలో ఉన్నవాళ్లకు ఈ కాగితాల పని వెనక డబ్బు కూడా ఉంది. 2025లో తల్లికి వందనం అనే ప్రభుత్వ పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు ప్రకటించి, 2,000 బడి నిర్వహణకు పట్టుకుని 13,000 తల్లి ఖాతాలో వేశారు. హాజరు 75 శాతం ఉండాలి, తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ దగ్గర, కలిసి ఉండాలి. ఈ రెండోది బ్యాంకులో లింకు చేశాంలే అనుకుంటే సరిపోదు, వేసిన డబ్బు ఏ ఖాతాకు వెళ్తుందో బ్యాంకులోనే అడిగి తేల్చుకోండి, ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాకు మ్యాప్ అయి ఉండడం మామూలే.

ఇక బడి మారే పిల్లల సంగతి. అయిదో తరగతి అయిపోయి హైస్కూలుకు వెళ్లేవాళ్లు, నాలుగో తరగతి తర్వాత గురుకులంలో అయిదో తరగతి సీటు కోసం ప్రవేశ పరీక్ష రాసినవాళ్లు, పని కోసం ఊరు మారే కుటుంబాలు, ప్రైవేటు నుంచి సర్కారుకో సర్కారు నుంచి ప్రైవేటుకో మారేవాళ్లు, అందరూ ఆఖరి పనిదినానికి ముందే టీచర్‌తో మాట చెప్పి పెట్టండి. బడి మారేటప్పుడు ప్రాథమిక బడిలో ఇచ్చే కాగితాన్ని రికార్డ్ షీట్ అంటాం, హైస్కూల్లో ఇచ్చేది టీసీ, చేసే పని ఒకటే. కాగితం చేతికి వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. ఆన్‌లైన్‌లో పాత బడి వాళ్లు పిల్లవాడిని తమ జాబితా నుంచి వదలాలి, అప్పుడే కొత్త బడి వాళ్లు పెన్ నంబరు కొట్టి తమ దగ్గరికి తెచ్చుకోగలరు. వదలకపోతే పిల్లవాడు కొత్త బడి బెంచీ మీద కూర్చుంటాడు, పేరు మాత్రం పాత బడి లెక్కలోనే ఉంటుంది. రికార్డ్ షీట్ మీద పెన్ నంబరు రాయించుకోండి, "ఆన్‌లైన్‌లో వదిలేశారా టీచర్?" అని నోరు తెరిచి అడగండి.

గురుకులం సీట్ల ఫలితాలు, చేరాల్సిన తేదీలు ఎండాకాలంలోనే వచ్చి పడతాయి. పరీక్ష రాసిన పిల్లలకు సీటు వస్తుందో రాదో తెలియకపోయినా ఈ బడిలో చదివారని చెప్పే బోనఫైడ్ సర్టిఫికెట్ ఒకటి ఏప్రిల్‌లోనే రాయించుకోండి, కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీసేవలో ముందే పెట్టుకోండి. సీటు రాకపోతే పోయేది ఏమీ లేదు.

ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వని బడులు ఉన్నాయి, ఆ మాట విని పిల్లల్ని రెండు మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టేసే తల్లిదండ్రులూ ఉన్నారు. విద్యాహక్కు చట్టం 2009లో అయిదో సెక్షన్ చదివితే విషయం తేటగా ఉంటుంది. సర్కారు బడికో, సర్కారు సాయంతో నడిచే ఎయిడెడ్ బడికో మారే పిల్లలకు పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు, చేర్చుకోవడం వాయిదా వేయకూడదు. కాబట్టి కాగితం రాలేదని ఆగొద్దు, జూన్‌లో నేరుగా పిల్లవాడిని వెంటపెట్టుకుని సర్కారు బడికి రండి, మిగతాది మేం చూస్తాం. ఇటుక బట్టీలకు, చెరుకు కోతలకు వెళ్లొచ్చే కుటుంబాలకు ఈ మాట మరీ మరీ చెప్పాలి, ఎందుకంటే కాగితం లేదన్న భయంతోనే బడి మానేసే పిల్లలు వాళ్లలోనే ఎక్కువ.

ప్రోగ్రెస్ కార్డు చేతిలోకి వచ్చాక అందరూ గ్రేడు చూసి మూసేస్తారు. మా దగ్గర ప్రాథమిక తరగతుల్లో ఎవరినీ ఫెయిల్ చేసి ఆపడం లేదు, అందరూ పై తరగతికి వెళ్తారు. వెళ్లారు కాబట్టి ఈ తరగతి చదువు వచ్చేసిందనుకోవద్దు, అక్కడే చాలామంది పిల్లలు వెనకబడిపోతున్నారు. టీచర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: మావాడు ఇంతకు ముందు చూడని కథ ఇస్తే తడబడకుండా చదువుతాడా, చేతిలో మిగుల్చుకునే కూడికలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు సొంతంగా చేస్తాడా. ఈ రెండింటికీ నిజమైన జవాబు దొరికితే మీకు గ్రేడు అవసరం లేదు. ఆ జవాబు పిల్లవాడి ముందు చెప్పించుకోకండి, కాస్త పక్కకు పంపి వినండి. పక్కింటి పాపకు ఏ ప్లస్ వచ్చిందన్న మాట కూడా బడి గుమ్మంలోనే వదిలేసి వెళ్లండి.

ఒత్తులు దగ్గర ఆగిపోతున్నారని టీచర్ చెప్తే సెలవుల్లో ట్యూషన్ పెట్టించాల్సిన పని లేదు, రోజుకు పది నిమిషాలు చాలు. కిరాణా చీటీ వాళ్లతో రాయించండి, "కందిపప్పు"లో ప ఒత్తు, "ఉప్పు"లో ప ఒత్తు అక్కడే వచ్చేస్తాయి. పల్లెవెలుగు బస్సు వచ్చినప్పుడు బోర్డు వాళ్లే చదివి చెప్పాలి. అమ్మకు చదవడం రాకపోయినా పరవాలేదు, బిడ్డ గట్టిగా చదువుతుంటే పక్కన కూర్చుని వింటే చాలు, ఎక్కడ తడబడ్డాడో చెవికే తెలిసిపోతుంది. ఈ ఏడాది నోటు పుస్తకాలు ఆఖరి రోజే పాత పేపర్ల బండికి వేసేయకండి, తెలుగు, లెక్కల పుస్తకాలు జూన్ దాకా ఉంచండి. లైబ్రరీ పుస్తకం ఇంట్లో ఉండిపోతే తిరిగిచ్చేయండి, లేదా సెలవుల కోసం ఇంకో రెండు అడిగి తీసుకెళ్లండి, ఇచ్చే టీచర్లు చాలామంది ఉన్నారు.

నోటీసు చివర మేం ప్రతి ఏడాదీ రాసే వాక్యం ఒకటి ఉంటుంది, నీళ్ల గురించి. దాన్ని దయచేసి దాటేయొద్దు. ఎండాకాలంలో చెరువులు, బావులు, కాలువలు, పూడిక తీసిన గుంతలు పిల్లల్ని పిలుస్తాయి. పైకి మోకాళ్ల లోతు కనిపించే చెరువులో మట్టి తవ్విన చోట ఒక్క అడుగు వేస్తే నిలువెత్తు లోతు ఉంటుంది. ఒక పిల్లవాడు మునిగితే కాపాడబోయి రెండోవాడూ మునుగుతాడు. అమ్మమ్మ ఊరికి పంపేటప్పుడు అక్కడి పెద్దవాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి, ఈత నేర్పించాలనుకుంటే ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉండగానే. ఎవరైనా మునుగుతుంటే నీళ్లలోకి దూకొద్దని, కేకలు వేసి పెద్దవాళ్లను పిలిచి, పొడుగు కర్రో చీరో తాడో విసరాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. అత్యవసరానికి 112, పిల్లలకు ఏ ఆపదైనా, పనిలో పెట్టినా పెళ్లి చేయబోయినా 1098.

యూనిఫాం కొలతలు మా దగ్గర సెలవుల ముందే తీసుకుని కుట్టుకు పంపుతారు, ఆ రోజు పిల్లవాడు బడిలో లేకపోతే అందాజాగా కొలత వేసేస్తారు, తర్వాత చొక్కా బిగుతైందని బాధపడాల్సి వస్తుంది. జూన్ మొదట్లో బడిబాటకు టీచర్లు ఇంటింటికీ వస్తారు. మీ ఇంటి దగ్గర బడికి రాని పిల్లలుంటే అప్పుడు ఆ ఇల్లు చూపించండి. బడి తెరిచిన మొదటి వారంలోనే పిల్లల్ని పంపండి, పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు అప్పుడే పంచుతాం. ఊరి నుంచి రావడం ఆలస్యమైతే పెళ్లో జాతరో ఏదైనా సరే, ఫలానా తేదీకి వస్తామని టీచర్‌కు ఒక్క మెసేజ్ పెట్టండి, ఆ పిల్లవాడి పుస్తకాలు పేరు రాసి పక్కన పెట్టి ఉంచుతాం.