జైలు నుంచి వచ్చినవారు మళ్లీ నేరంలో ఎందుకు పడుతున్నారు: సమస్య, కారణం, పరిష్కారం

జైలు నుంచి వచ్చిన మనిషి మూణ్ణెల్లు తిరక్కుండానే మళ్లీ కేసులో ఇరుక్కుంటే ఊరంతా అనేది ఒకటే మాట: "వాడి బుద్ధే అంత." ఆ మాట అనేశాక ఇక కారణం వెతికేవారు ఉండరు, అందుకే ఆ నిర్ధారణ చాలా ప్రమాదకరమైనదని నేను నమ్ముతున్నాను. కుటుంబ సభ్యులు గమనించగల కొన్ని లక్షణాలను, వాటి మూలాలను, చేయవలసిన పనులను ఇక్కడ వివరిస్తున్నాను.

సమస్య: కొత్తగా ఏ తప్పూ చేయలేదు, అయినా మళ్లీ అరెస్టయ్యాడు

కారణం: బెయిల్ మీద వచ్చినవారు కూలి పోతుందనో, బస్సు ఛార్జీలకు డబ్బు లేకనో, తేదీ తెలియకనో వాయిదాకు వెళ్లకపోతే కోర్టు నాన్ బెయిలబుల్ వారెంట్ జారీ చేయవచ్చు. తగిన కారణం లేకుండా హాజరు కాకపోవడం భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడదగిన మరో నేరం కూడా. వారెంట్ ఉందని తెలిసిన మనిషి ఇల్లు వదిలి తప్పించుకు తిరుగుతాడు; అలా తిరిగేవాడికి నిలకడైన పని దొరకదు, తలదాచుకోవడానికి పాత ముఠా తప్ప మరో చోటు ఉండదు. అంటే ఒక్క వాయిదా తప్పడం నిజమైన నేరానికి దారి వేస్తుంది.

పరిష్కారం: వాయిదా తేదీలను ఇంట్లో అందరికీ కనిపించేలా క్యాలెండర్ మీద రాయండి. తప్పిపోతే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా, న్యాయవాది ద్వారా వారెంట్ రీకాల్ పిటిషన్ (వారెంటును వెనక్కి తీసుకోమని కోరే అర్జీ) వేయించి, అతన్ని స్వయంగా కోర్టులో హాజరు పరచండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే, ఉచిత న్యాయసహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

సమస్య: వచ్చిన వారంలోనే పాత సావాసం మొదలైంది

కారణం: చాలాసార్లు ఇది స్నేహం కాదు, అప్పు. లాయరు ఖర్చు ఎవరు పెట్టారు, జామీను ఎవరు నిలబడ్డారు అని నెమ్మదిగా అడిగి చూడండి. ఆ సాయం చేసినవాడు ముఠా మనిషైతే ఆ రుణాన్ని పని రూపంలోనే వసూలు చేసుకుంటాడు. మన దేశంలో జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు శిక్ష పడనివారు, అంటే విచారణ ఖైదీలు. పని నేర్పడం, కూలి ఇవ్వడం ప్రధానంగా శిక్షపడినవారి కోసమే కాబట్టి, వీరిలో ఎక్కువమంది ఖాళీ చేతులతోనే బయటికి వస్తారు.

పరిష్కారం: జామీను కోసం ముఠా గుమ్మం తొక్కకముందే ఇతర దారులు వెతకాలి. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకం కింద, అర్హులైన విచారణ ఖైదీలకు బెయిల్ కోసం (పథకం మొదలైనప్పటి పరిమితి 40,000 రూపాయలు), జరిమానా కట్టలేక లోపలే ఉన్న శిక్షపడినవారికి 25,000 రూపాయల వరకు సాయం అందవచ్చు. బెయిల్ వచ్చినా ఏడు రోజుల్లో విడుదల కానివారి సంగతిని జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. ములాఖత్‌కు వెళ్లినప్పుడు ఈ రెండు సంగతులనూ అడగండి.

సమస్య: పని దొరుకుతోంది కానీ నిలవడం లేదు

కారణం: స్టేషన్లో తెరిచిన షీటు, అంటే అతని మీద నిఘా కోసం పోలీసులు ఉంచే రికార్డు. చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా మొదటి పిలుపు అతనికే వస్తుంది. రెండోసారి కానిస్టేబుల్ దుకాణానికి వచ్చేసరికి యజమాని లెక్క తేల్చి పంపేస్తాడు. మనం తేలికగా వాడే "కేడీ" అనే తిట్టు కూడా పోలీసు రికార్డులోంచి వీధిలోకి వచ్చిన మాటే. పుట్టుకనే నేరంగా ముద్ర వేసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఎంతటి హాని చేసిందో, ఆ ముద్ర పడిన కుటుంబాలను ఉంచిన ఆంధ్రప్రదేశ్‌లోని స్టూవర్టుపురం చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. సంఘ సంస్కర్తలైన హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడి కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, మనుషులు మారగలరని చూపించారు.

పరిష్కారం: యజమానికి దాచకుండా ముందే చెప్పడం మంచిది, తర్వాత తెలిస్తే నమ్మకం పూర్తిగా పోతుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3, 4 సెక్షన్ల కింద (అంటే జైలుకు పంపకుండా మందలించి గానీ, సత్ప్రవర్తన షరతు మీద గానీ కోర్టు వదిలితే) విడుదలైనవారికి ఆ శిక్ష నిర్ధారణ వల్ల చట్టపరమైన అనర్హత ఉండదని 12వ సెక్షన్ చెబుతోంది. ఆ తీర్పు ప్రతిని భద్రపరచుకోవాలి. తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోల్ బంకుల్లో విడుదలైనవారికీ పని ఇచ్చింది కనుక, జైలు అధికారులను ఉపాధి గురించి అడగడానికి సంకోచించవద్దు.

సమస్య: సాయంత్రమయ్యేసరికి తాగకుండా ఉండలేకపోతున్నాడు

జైల్లో మందు దొరకక మానడం వేరు, వ్యసనం నయం కావడం వేరు. మత్తు వ్యసనాల నుంచి బయటపడేందుకు సాయపడే 14446 నంబరుకు ఫోన్ చేసి, దగ్గరలోని చికిత్సా కేంద్రం వివరాలు విడుదలకు ముందే తెలుసుకోండి. విడుదల రోజున, ఎంత పొద్దుపోయినా, ఇంటివారిలో ఒకరు గేటు దగ్గర ఉండాలి. ఎవరూ రాకపోతే, అతని కోసం అక్కడ ఎదురుచూసేది పాత మనుషులే కావచ్చు.