ప్లాస్టిక్ రోబో కిట్, ఐదో పాఠం: పగిలిన కీళ్లు, ఆ తర్వాత మార్కులు

ఈ పాఠం, కట్టి ముగించిన కిట్‌ను బేరీజు వేయడం గురించి సాగవలసింది. సాగుతుంది గాని రెండో సగంలో. మొదటి సగాన్ని నాలుగో పాఠం మింగేసింది. పానెల్ గీతల్లో, అంటే బొమ్మ పలకల మీది సన్నని గాడుల్లో, రంగు నింపడం నేర్పుతూ, "బొమ్మను పూర్తిగా నిలబెట్టిన తర్వాతే గీతలు నింపండి, ఏ గీత ముదురుగా కనబడాలో అప్పుడే తెలుస్తుంది" అని ఆ పాఠంలో రాశాను. నాకు సన్నమొన లైనింగ్ పెన్నుతోనే పని చేసే అలవాటు ఉండడం వల్ల ఆ మాటలో ప్రమాదమేమీ కనబడలేదు. అయితే చదివినవారిలో చాలామంది పెన్నుకు బదులు, మూతకే చిన్న బ్రష్ అమర్చి ఉండే ఎనామెల్ ద్రవాన్ని కొన్నారు. బొమ్మ నిలబడి ఉండగానే గీతల్లోకి ఆ ద్రవాన్ని వదిలారు, పైన మిగిలినదాన్ని థిన్నర్‌తో తుడిచారు, రాత్రి తృప్తిగా పడుకున్నారు. తెల్లారేసరికి ఒకరి బొమ్మకు చీలమండ చీలిపోయింది, ఇంకొకరి బొమ్మకు భుజం కీలు రెండు ముక్కలయింది, మరొకరి బొమ్మకు నడుము ముందు వేలాడే పలక పట్టుకోగానే ఊడివచ్చింది.

మనం మొదటి పాఠం నుంచి కడుతున్నది 2015లో వెలువడిన హెచ్‌జీ (హై గ్రేడ్) వరుస 1/144 ఆర్‌ఎక్స్-78-2 గండామ్, అంటే జపాన్ యానిమేషన్ కథలోని భారీ రోబోకు 144వ వంతు బొమ్మ. నేను కావాలనే దీర్ఘంతో రాస్తున్నాను. గండం అని రాస్తే ఈ వారం వచ్చిన ఉత్తరాలు చూసినవారు ఆ పేరే సరిపోయిందని అంటారు. ఆ ఉత్తరాల్లో సగం మంది తమకు నకిలీ కిట్ వచ్చిందని అనుమానించారు. మరికొందరు ప్లాస్టిక్ నాసిరకమని తేల్చేశారు. రెండూ కావు. మీ కిట్ మంచిదే, మీ చేతుల్లోనూ లోపం లేదు. లోపం నా వాక్యంలో ఉంది.

ఎక్కడ పగిలిందో ఒకసారి గమనించండి. మీరు అన్నిటికంటే ఎక్కువ థిన్నర్ రుద్దిన చోటు ఛాతీ పలక, డాలు, మోకాలి కింది భాగం. అవి చెక్కుచెదరలేదు. ద్రవం పొరపాటున జారి చేరిన చోట, అంటే పిన్ను రంధ్రంలోకి బిగుతుగా దిగిన చోట, కీలు చుట్టూ గవ్వలా మూసుకున్న చోట మాత్రమే పగుళ్లు వచ్చాయి. థిన్నర్ ఒక్కటే ప్లాస్టిక్‌ను తినేసేదైతే ఛాతీ పలక ముందుగా పోవాలి. కాబట్టి పగులుకు రెండు కారణాలు ఒకేసారి కలిశాయి: ఒకటి ద్రవం, రెండోది బిగింపు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా భాగం నిలిచేది.

జిగురు లేకుండా నొక్కి కట్టే కిట్లలో పిన్ను, తాను దూరవలసిన రంధ్రం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. పట్టు దొరికేది అందువల్లనే. పిన్ను దిగిన క్షణం నుంచి రంధ్రం గోడ బయటికి లాగబడుతూ ఉంటుంది, బొమ్మ అలమారాలో ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ లాగుడు ఆగదు. ఈ కిట్ల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ లోపల పొడవాటి అణు గొలుసులు చిక్కుపడిన దారపు ఉండలా ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. లాగుడు ఉన్న చోట ఎనామెల్ థిన్నర్ చేరితే ఆ గొలుసుల మధ్యకు చొరబడి చిక్కును వదులు చేస్తుంది. లాగబడుతున్న గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి జారిపోయి, ముందు కంటికి ఆనని సూక్ష్మమైన బీటలు ఏర్పడి, అవి కలిసి పగులవుతాయి. లాగుడు లేని ఛాతీ పలక మీద అదే థిన్నర్ కాసేపు తడిగా ఉండి ఎగిరిపోతుంది.

ఎనామెల్ థిన్నర్ మెల్లగా ఆరుతుంది, సన్నని సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. గీతలో రంగు పరుగెత్తేలా చేసే గుణం కూడా ఇదే. మనం దాన్ని కొనేది ఆ గుణం కోసమే, కీలును పగలగొట్టేది కూడా ఆ గుణమే. గీత చివర కీలు సందులో కలిస్తే రంగు అక్కడ ఆగదు, లోపలికి దిగి, గాలి తగలక గంటల తరబడి తడిగా ఉండిపోతుంది. కీళ్లలో ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌కూ ఇదే జబ్బు ఉంది. కీళ్ల లోపల బూడిదరంగులో మెత్తగా ఉండే పాలీక్యాప్‌లు మాత్రం పాలీఎథిలీన్‌తో చేసినవి, వాటికి ఏమీ కాదు. అందుకే కొందరికి పాలీక్యాప్ క్షేమంగా ఉండి, దాని చుట్టూ ఉన్న గూడు మాత్రం పగిలింది.

ఇక నన్ను నిజంగా విసిగించిన విషయం. ముగ్గురు పాఠకులు ఎనామెల్ థిన్నర్ దొరకక హార్డ్‌వేర్ దుకాణంలో థిన్నర్ అడిగి తెచ్చుకున్నారు. దుకాణంలో "థిన్నర్ అంటే థిన్నరే" అని చేతిలో పెట్టేది సాధారణంగా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్. చెక్క పాలిష్‌కు, లోహపు రంగులకు వాడే ఆ ద్రవం పాలీస్టైరీన్‌ను బిగింపుతో పని లేకుండానే కరిగిస్తుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ కూడా అంతే. పెట్రోలు సంగతి నేను ఎత్తకూడదనుకున్నాను, కాని ఒక ఉత్తరంలో ఆ ప్రశ్న కూడా ఉంది: వద్దు, ప్లాస్టిక్ కోసం కాకపోయినా ఇంటి కోసం వద్దు. సీసా మీద "మోడల్ ఎనామెల్‌కు" అని రాసి లేని ద్రవాన్ని బొమ్మ దగ్గరికి తేవద్దు. దొరకకపోతే పెన్నుకు మారండి. పెన్ను గీత కొంచెం గట్టిగా, బొమ్మ గీసినట్టుగా కనబడుతుందని కొందరు తీసిపారేస్తారు. నాకు ఆ గీతే ఇష్టం, తప్పు పోయినచోట రబ్బరుతోనో స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తోనో తుడిచేయవచ్చు.

ఎనామెలే కావాలనుకునేవారికి సరైన వరుస ఇది. భాగాలను రన్నర్ నుంచి, అంటే వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం నుంచి, కోసి, గేటు గుర్తులు (భాగం చట్రానికి అతికి ఉన్న చోట మిగిలే మచ్చలు) తీసి, ఒకదానిలో ఒకటి దిగకముందే విడివిడిగా గీతలు నింపాలి. తెల్ల భాగాల మీద బూడిదరంగు, నీలం మీద నలుపు, ఎరుపు మీదా పసుపు మీదా గోధుమరంగు వాడాలి. పిన్నులకు, రంధ్రాలకు ద్రవం తగలకూడదు. రాత్రంతా ఆరనిచ్చి, ఇయర్ బడ్‌ను థిన్నర్‌లో ముంచి, కాగితం మీద ఒత్తి, దాదాపు పొడిగా ఉన్నప్పుడే గీతకు అడ్డంగా తుడవాలి. గీత వెంబడి తుడిస్తే లోపలి రంగు కూడా వచ్చేస్తుంది. మళ్లీ కొన్ని గంటలు ఆగి అప్పుడు కట్టాలి. ముందుగా మెరిసే లాకర్ పూత వేస్తే పై తలానికి ఇంకొంత రక్షణ ఉంటుంది, కాని రంధ్రం లోపలికి ఆ పూత చేరదని గుర్తుంచుకోండి. వానాకాలంలో స్ప్రే పూత వద్దు, గాలిలోని తేమ వల్ల పూత పాలిపోయి తెల్లబడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లవారు చలికాలం దాకా ఆగడం మేలు.

బిగింపును తగ్గించే దారి కూడా ఉంది. పిన్ను కొనను నిప్పర్‌తో (భాగాలు కోసే చిన్న కత్తిరింపు పటకారు) ఏటవాలుగా కొంచెం కత్తిరిస్తే పట్టు తగ్గుతుంది, మళ్లీ విప్పుకోవడం తేలికవుతుంది. నేను ప్రతి కిట్‌లోనూ ఇలాగే చేస్తాను. నాలుగో పాఠంలో ఈ విషయం చెప్పకపోవడం నా రెండో తప్పు.

పగిలిన భాగాల వైద్యం క్లుప్తంగా చెబుతాను. పాలీస్టైరీన్ గూడు చీలితే పల్చని మోడల్ సిమెంటును పగులు వెంట తాకించి, అంచులు కలిపి ఒత్తి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఏబీఎస్ భాగానికి మామూలు సిమెంటు గట్టిగా పట్టదు, ఏబీఎస్‌కు ప్రత్యేకంగా తయారైన సిమెంటు గాని తక్షణ జిగురు గాని వాడాలి. బరువు మోసే పిన్ను తెగిపోతే జిగురు ఒక్కటే చాలదు. రెండు ముక్కల నడుమ చేతి డ్రిల్లుతో 1 మిల్లీమీటరు రంధ్రం చేసి, అంతే మందం ఉన్న ఇత్తడి తీగ ముక్కను లోపల దించి అతికించాలి. కీలులోకి తక్షణ జిగురు కారితే ఆ కీలు ఇక జన్మలో కదలదు, కాబట్టి జిగురును గుండుసూది కొనతో పెట్టండి. పాలీక్యాప్‌ను ఏ జిగురుతోనూ అతికించడానికి ప్రయత్నించకండి.

ఇప్పుడు బేరీజు. దీనికి రెండు వేర్వేరు కాగితాలు కావాలి, ఒకటి కిట్‌కు, ఒకటి కట్టినవారికి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే చాలా సమీక్షలు చదవడానికి పనికిరాకుండా పోతాయి. ముంజేయి మధ్యలో రెండు అర్ధభాగాలు కలిసే గీత కనబడితే, అది ఆ చోటును ఎంచుకున్న రూపకర్త ఖాతాలో పడుతుంది. అదే ముంజేతి మీద గేటు గుర్తు తెల్లగా కనబడితే అది మీ ఖాతా. గేటును పైకి కనబడని అంచు కిందికి మళ్లించి ఉంటే కిట్‌కు మార్కులు, ఆ మేలును వృథా చేసి అంచును చెక్కేస్తే మీకు కోత.

కిట్‌ను దాని కాలంలో పెట్టి చూడాలి. 1980 జులైలో 300 యెన్‌లకు వచ్చిన మొదటి 1/144 గండామ్‌కు జిగురు కావాలి, భాగాలన్నీ ఒకే తెల్ల రంగు. 1990లో హెచ్‌జీ పేరుతో వచ్చిన గండామ్‌లో ఒకే రన్నర్ మీద నాలుగు రంగులు పోశారు. 2010లో వచ్చిన ఆర్‌జీ (రియల్ గ్రేడ్) గండామ్ అదే 1/144 కొలతలో లోపలి అస్థిపంజరాన్ని కూడా ఇచ్చింది. కథలో గండామ్ ఎత్తు 18 మీటర్లు కనుక ఈ కొలతలో బొమ్మ ఎత్తు 12.5 సెంటీమీటర్లు. ఆ జానెడు కూడా లేని ఎత్తులో 1980 కిట్ మోకాలు పూర్తిగా మడవదని మార్కులు తగ్గించడం, తాతగారి సైకిల్‌కు గేర్లు లేవని అలగడం లాంటిది.

కిట్ కాగితంలో నేను చూసేవి ఇవి: రంగు ఎంతవరకు ప్లాస్టిక్‌లోనే వచ్చింది, ఎంతవరకు స్టిక్కర్ మీద ఆధారపడింది, ఒక మోకాలు నేలకు ఆనించి వెన్ను నిటారుగా పెట్టగలదా, తుపాకీని రెండు చేతులతో పట్టుకోగలదా, వారం రోజులు ఒకే భంగిమలో వదిలేస్తే వాలిపోతుందా. చివరిదానికి నేను 50లో 20 మార్కులు ఇస్తాను. అది ఎక్కువని మీకు అనిపిస్తే మీ కాగితంలో మార్చుకోండి, నేను మార్చను. బొమ్మ జీవితంలో ఎక్కువ భాగం నిలబడడమే కదా. కళ్లకు రేకు స్టిక్కర్ తప్పనిసరి అయిన ప్రతి కిట్‌కూ నేను ఒక మార్కు కోస్తాను, ఇది కేవలం నా చిరాకు.

కట్టినవారి కాగితానికి గది దీపం చాలదు. దీపాలార్పి, టార్చిని బొమ్మ పక్కన దాదాపు నేలకు సమాంతరంగా పట్టండి. ఎమరీ గీతలు, గేటు దగ్గరి గుంటలు, స్టిక్కర్ అంచులు నీడలతో సహా బయటపడతాయి. ముదురు నీలం భాగాల మీద తెల్లని మచ్చలు కనబడితే అవి నిప్పర్ ఒత్తిడికి పుట్టిన సూక్ష్మమైన బీటలు. పైన చెప్పిన పగుళ్లకు అవి తోబుట్టువులే, కాకపోతే థిన్నర్ తగలక అక్కడే ఆగాయి. రెండో పాఠంలో చెప్పిన రెండు కోతల పద్ధతిని (ముందు భాగానికి దూరంగా, తర్వాత దగ్గరగా కోయడం) ఎంతవరకు పాటించారో ఆ మచ్చలే చెబుతాయి.

అభ్యాసం. మిగిలిన రన్నర్ ముక్కల్లో ఒకే లావు ఉన్నవి ఆరు తీసుకోండి. మూడింటిని తిన్నగా ఉంచి, మూడింటిని విల్లులా వంచి దారంతో కట్టండి. తిన్నని ముక్క ఒకటి, వంచిన ముక్క ఒకటి కలిపి జతలు చేయండి. ఒక జతకు ఏమీ పూయకండి, ఒక జతకు పెన్ను సిరా, ఒక జతకు ఎనామెల్ ద్రవం బాగా తడిసేలా పూయండి. గాలి ఆడే చోట పెట్టి గంటకొకసారి చూసి, ఏ ముక్క ఎప్పుడు విరిగిందో సమయంతో సహా రాయండి. విరిగిన ముక్కను ఇత్తడి తీగతో అతికించి, మళ్లీ వంచి, ఈసారి అతుకు దగ్గరే విరిగిందో పక్కన విరిగిందో చూడండి. ఆ తర్వాత మీ గండామ్‌కు రెండు కాగితాల్లోనూ మార్కులు వేసి మడిచి దాచండి. నాలుగు రోజులు ఆగి, పాత కాగితాలు చూడకుండా మళ్లీ వేయండి. రెండుసార్లకూ మధ్య ఐదు మార్కుల కంటే ఎక్కువ తేడా వచ్చిన అంశాలను మాత్రమే నాకు రాసి పంపండి, ఆరో పాఠం వాటితోనే మొదలవుతుంది.