ఒక్క లైను మారిస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తోందా?

భీమవరంలో ఒకరు విండోస్ మీద, అమలాపురంలో ఇంకొకరు లినక్స్ మీద రొయ్యల చెరువుల మేత లెక్కల ప్రోగ్రామును ఒకే గిట్ రిపోలో (కోడునూ దాని మార్పుల చరిత్రనూ ఉంచే చోటు) రాస్తున్నారనుకోండి. మేత ధర ఒక్కటి మార్చి కమిట్ చేస్తే (ఆ మార్పును చరిత్రలో నమోదు చేస్తే) 400 లైన్లూ మారినట్టు డిఫ్, అంటే పాత కొత్తల తేడా, చూపిస్తుంది. తప్పు గిట్‌ది కాదు, ఎడిటర్‌ది. విండోస్ పద్ధతిలో లైను చివర కంటికి కనబడని అక్షరాలు రెండు (కోడ్ 13, 10) పడతాయి; లినక్స్‌లో 10 ఒక్కటే. ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారిస్తే ప్రతి లైనూ మారినట్టే.

గిట్ డిఫ్‌కి డబ్ల్యూ ఆప్షన్ (ఇలాంటి కనబడని తేడాలను, ఖాళీలను లెక్కచేయదు) ఇచ్చి చూడండి. తేడా ఒక్క లైనుకి దిగితే జబ్బు ఇదే, లేదా ఖాళీలూ ట్యాబులూ.

మందు: రిపో పై ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, నక్షత్రం గుర్తు, ఖాళీ, టెక్స్ట్=ఆటో, ఖాళీ, ఈఓఎల్=ఎల్ఎఫ్ అని ఒకే లైనులో రాయండి. లైను చివర 10 ఒక్కటే ఉంచమని దీని అర్థం. తర్వాత గిట్ యాడ్‌ని రీనార్మలైజ్ ఆప్షన్‌తో (ఉన్న ఫైళ్లకూ ఈ నియమం వర్తింపజేస్తుంది) నడిపి, ఆ మార్పును విడిగా కమిట్ చేయండి. పెండింగు బ్రాంచీలు (విడిగా సాగుతున్న పనులు) ముందే మెర్జ్ చేసుకోవాలి, అంటే కలిపేసుకోవాలి. లేదంటే కాన్‌ఫ్లిక్టులతో తల బొప్పి కడుతుంది.

ట్యాబా, 4 ఖాళీలా అన్న తగువు ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలుతో (అందరి ఎడిటర్లకూ ఒకే నియమాలు చెప్పే ఫైలు) తీరుతుంది. లైను చివరి ఖాళీలు తీసేసే సెట్టింగు మాత్రం మార్క్‌డౌన్ ఫైళ్లకు ఆపండి. అక్కడ చివరి రెండు ఖాళీలకు అర్థముంది, లైను విరుగుతుంది.

సేవ్ చేయగానే ఫార్మాట్ చేసే ప్రెటియర్ లాంటివి అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి. విమ్ ఎడిటర్ వదిలే స్వాప్ (తాత్కాలిక) ఫైళ్లను ఎవరికి వారు తమ గ్లోబల్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల సొంత జాబితా) పెట్టుకుంటే చాలు.