వీసా గడువు దాటాక అమెరికాలో గ్రీన్‌కార్డు: ఇంటి దగ్గర సర్దాల్సిన కాగితాలు

పిల్లాడు వెళ్ళి పదిహేనేళ్ళు, వీసా ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు గ్రీన్‌కార్డుకు వేస్తాడట. కావలిలోనో కందుకూరులోనో ఉన్న ఇంటివాళ్ళు ముందు అడగాల్సింది ఒకటే: ఆ దేశంలో ఎలా దిగాడు?

విజిటర్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో విమానం దిగి, ఆఫీసరు చూసి పంపి ఉంటే దారి సులువు. భార్య లేదా భర్త సిటిజన్ అయినా, 21 నిండిన బిడ్డ సిటిజన్ అయినా ఐ-130 (సిటిజన్ బంధువు పెట్టే అర్జీ), ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) కలిపి అక్కడే వేసుకోవచ్చు. గడువు దాటి ఉండటం, పర్మిట్ లేకుండా పనిచేయడం వీళ్ళకు అడ్డు రావు. అన్న సిటిజన్ అయితే ఈ సడలింపు లేదు. దిగినందుకు రుజువు ఐ-94. 2013కి ముందైతే అది పాస్‌పోర్టులో పెట్టిచ్చిన చిన్న కాగితం. పోయుంటే పాత పాస్‌పోర్టులోని ముద్ర పనికొస్తుంది. రద్దయిందే కదా అని దాన్ని పారేయొద్దు, బీరువాలో వెతకండి.

దొంగదారిన సరిహద్దు దాటినవాళ్ళ సంగతి వేరు. పదేళ్ళుంటే చాలు, గ్రీన్‌కార్డు వస్తుందని ఏజెంట్లు చెప్పేది సగం మాటే. ఆ పదేళ్ళ సడలింపును ఇమ్మిగ్రేషన్ కోర్టులో, పంపించేసే కేసు నడుస్తున్నప్పుడే అడగాలి. సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో ఉన్న భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు మామూలును బాగా మించిన కష్టం వస్తుందని రుజువు చెయ్యాలి. ఏడాదికి 4,000 మందికే ఇస్తారు. ఒక్కసారి 90 రోజులు మించి బయట ఉన్నా పదేళ్ళ లెక్క తెగిపోతుంది.

నాన్న పెద్దకర్మకైనా సరే, అక్కడి లాయరును అడగకుండా ఊరికి రాకూడదు. కాగితాల్లేకుండా 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే 3 ఏళ్ళు, ఏడాది దాటితే 10 ఏళ్ళు మళ్ళీ రానివ్వరు.

ఇక మీ పని జనన ధ్రువపత్రం. రిజిస్టరులో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, ముందు పేరు ఎక్కించండి. పుట్టుకే నమోదు కాకపోతే, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఆలస్యంగా తీసిన పత్రాన్ని అక్కడ అనుమానంగా చూస్తారు. అందుకే దానితో పాటు పదో తరగతి సర్టిఫికెట్టు, ఇద్దరు పెద్దల అఫిడవిట్లు పంపండి. “మా మేనల్లుడు ఫలానా రోజు పుట్టాడు” అంటే చాలదు. మేనత్త తను పుట్టిన తేదీ, బిడ్డ తల్లిదండ్రుల పేర్లు, ఊరు, కాన్పు రోజు తను ఎక్కడుందో, తనకెలా తెలుసో రాయాలి.

కందుకూరు వాళ్ళకో చిక్కుంది. 1970కి ముందు పుడితే నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్లో మళ్ళీ నెల్లూరు, 2025 చివర్లో తిరిగి ప్రకాశం. పాత పత్రంలో ఏ జిల్లా ఉంటే అదే ఫారంలో రాయండి, దిద్దించబోతే లేనిపోని తంటా. పేరుకు మాత్రం పట్టింపు ఎక్కువ: పదో తరగతిలో ఇంటిపేరు పొడి అక్షరమై, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, రెండూ ఒకరివేనని అఫిడవిట్లోనే ఒక వాక్యం పెట్టించండి.

తెలుగు కాగితానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం కావాలి. రెండు భాషలూ తనకొచ్చని, అనువాదం సరైనదేనని చేసినవారు సంతకం పెట్టాలి. ముందు స్కాన్లు పంపినా, ఇంటర్వ్యూలో అసలు పత్రాలే చూస్తారు. అవి కొరియర్లో ముందే చేరాలి.