రిటైరైన అవుట్‌ఫీల్డర్ కెరీర్ అంకెలు ఎలా చదవాలి

బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్లు పాత ఆటగాడి స్టాట్స్ దొరకగానే నేరుగా హోమ్ రన్ల (క్రికెట్ సిక్సర్ లాంటివి) కాలమ్‌కే వెళ్తారు. నేనూ అదే చేశాను. జపాన్ అవుట్‌ఫీల్డర్ (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడు) ఇచిరో సుజుకి దగ్గర అక్కడ 19 మేజర్ లీగ్ (అమెరికాలో టాప్ లీగ్) సీజన్లకి కలిపి 117 అని ఉంటుంది, "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది. కానీ 2025లో హాల్ ఆఫ్ ఫేమ్ (దిగ్గజాల గౌరవ జాబితా) ఓటింగ్‌లో 394కి 393 ఓట్లు పడింది ఈయనకే. కాబట్టి ఈయన అంకెలతోనే నేర్చుకుందాం.

ముందు ఏదో ఒక సీజన్ పట్టుకోండి, 2004 అనుకుందాం. 704 ఎట్-బ్యాట్లు (వాక్‌ల లాంటివి పోగా లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాలు), 262 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరినవి). 262ని 704తో భాగిస్తే .372 వస్తుంది, అదే బ్యాటింగ్ యావరేజ్ (క్రికెట్ యావరేజ్‌తో పోల్చి కంగారుపడకండి, ఇక్కడ .300 దాటితేనే మంచి బ్యాటర్). ఇప్పుడు ఆ 262ని విడగొట్టండి. 24 డబుల్స్ (రెండో బేస్ దాకా చేరినవి), 5 ట్రిపుల్స్ (మూడో బేస్ దాకా), 8 హోమ్ రన్లు తీసేస్తే మిగిలినవన్నీ సింగిల్సే, 225! బంతిని అలా తట్టి, ఫీల్డర్ అందుకుని విసిరేలోపు ఫస్ట్ బేస్‌కి చేరిపోయే రకం అన్నమాట, అందుకే కెరీర్ మొత్తానికి స్టీల్స్ (బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం) కాలమ్‌లో 509 ఉన్నాయి. 1920లో జార్జ్ సిస్లర్ పెట్టిన, ఒకే సీజన్‌లో 257 హిట్ల రికార్డు 84 ఏళ్లకి పడిపోయింది ఇలాగే.

తర్వాత ఆన్-బేస్ శాతం చూడండి, అంటే హిట్‌తోనో వాక్‌తోనో (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే దొరికే ఫస్ట్ బేస్) బేస్ చేరిన శాతం. కెరీర్ యావరేజ్ .311, ఆన్-బేస్ .355. ఈ రెంటికీ మధ్య తేడా తక్కువ ఉందంటే వాక్‌లు పెద్దగా తీసుకోలేదని. నా లెక్కలో ఆయన బ్యాటింగ్‌లో లోటేదైనా ఉంటే ఇదే.

ఫీల్డింగ్ దగ్గరే అంకెలు మోసం చేస్తాయి. అసిస్ట్ అంటే అవుట్‌ఫీల్డర్ విసిరిన బంతికి రన్నర్ అవుటవ్వడం. 2001 ఏప్రిల్ 11న ఓక్లాండ్‌లో రైట్‌ఫీల్డ్ నుంచి థర్డ్ బేస్‌కి బాణంలా విసిరి టెరెన్స్ లాంగ్‌ని అవుట్ చేసింది కూడా పట్టికలో ఒక్క అసిస్టే. అది చూశాక రన్నర్లు ఆ చేతి మీద రిస్క్ తీసుకోవడానికి వెనకాడతారు కదా, పరిగెత్తకపోతే అసిస్ట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని అసిస్ట్‌లు తగ్గాయని చెయ్యి పడిపోయిందనుకోవద్దు, పక్కన గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డర్లకి ఏటా ఇచ్చే అవార్డు) కూడా చూసుకోండి. 2001 నుంచి 2010 దాకా వరసగా పది.

వయసు కాలమ్ మర్చిపోవద్దు. మొదటి వరసలోనే 27 అని ఉంటుంది, ఎందుకంటే అంతకుముందు జపాన్‌లో ఒరిక్స్ జట్టుకి తొమ్మిది సీజన్లు ఆడి 1,278 హిట్లు కొట్టాడు. వాటిని మేజర్ లీగ్ 3,089కి కలిపి 4,367 అంటారు కొందరు, నేనైతే విడివిడిగానే చూస్తాను, లీగులు వేరు, సీజన్ల నిడివీ వేరు.

ఇక ఆఖరి వరస, 2019. రెండు మ్యాచ్‌లు, 5 ఎట్-బ్యాట్లు, హిట్లు సున్నా. ఆ రెండూ టోక్యో డోమ్‌లో జరిగాయనీ, 45 ఏళ్ల ఆయన ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మైదానం వదిలి వస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడిందనీ ఏ కాలమ్‌లోనూ ఉండదు.