నిమిషం వీడియోలో లెక్కల పాఠం: కాగితం మీద గీత నుంచి మర్నాటి ప్రశ్న దాకా

షార్ట్స్, రీల్స్‌లో పాఠాలు చెప్పే టీచర్లు తెలుగులో ఇప్పుడు బాగానే ఉన్నారు. చూసిన పిల్లలు "అర్థమైంది సార్" అంటారు కూడా. మర్నాడు అదే లెక్క బోర్డు మీద వేస్తే మాత్రం చేతులు లేవవు. తెర మీద చూసి పోల్చుకోవడం వేరు, ఖాళీ కాగితం ముందు కూర్చుని గుర్తు తెచ్చుకోవడం వేరు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఈ తేడానే పరీక్షించారు. చదివినదాన్నే మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లు రెండు రోజులకీ, వారానికీ పెట్టిన పరీక్షల్లో వాళ్లని దాటేశారు.

కాబట్టి నిమిషం వీడియో చూసి ఊరుకునేదిగా ఉండకూడదు. పిల్లవాడి చేత అందులో ఏదో ఒకటి చేయించాలి: ఆపించాలి, గీయించాలి, ముందే ఊహించమనాలి. ఉదాహరణకి హైస్కూలు లెక్కల్లోంచి ఒకటి తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో చూద్దాం. పంచభుజి అంతర కోణాల మొత్తం.

వీడియోకి ఒక్కటే ప్రశ్న

యూట్యూబ్ షార్ట్స్ 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటోంది. అయినా మీరు 60 సెకన్లు దాటకండి. ఎక్కువ చోటు దొరికితే రెండో విషయం దూరుతుంది, మొదటిది పలచబడుతుంది. ఒకే అడుగు ఉన్న ఆలోచన, పిల్లలు తరచూ పడే ఒక పొరపాటు, కళ్ల ముందు జరిగే ఒక ప్రయోగం నిమిషంలో బాగా ఇముడుతాయి. పది మెట్లున్న నిరూపణ ఇమడదు, దాన్ని క్లాసులోనే చెప్పండి.

తొందర లేకుండా తెలుగులో చెబితే నిమిషానికి సుమారు 100 మాటలు పడతాయి. మధ్యలో మౌనం కావాలి కాబట్టి స్క్రిప్టు 80 మాటలకి మించనివ్వకండి. కాగితం మీద రాసి, పైకి చదివి, టైమ్ చూసుకోండి. "నమస్కారం, మన ఛానల్‌కి స్వాగతం" అన్నది అసలు వద్దు. మొదటి మూడు సెకన్లలోనే ప్రశ్న వచ్చేయాలి.

మన పాఠానికి స్క్రిప్టు ఇలా ఉంటుంది:

"ఈ పంచభుజి లోపలి కోణాలు ఐదూ కలిపితే ఎంత? కోణమానిని వాడొద్దు. వీడియో ఆపండి. ఇలాంటిదే మీ నోట్సులో గీసి, ఒక మూలకి ఎ అని పేరు పెట్టి, అక్కడి నుంచి ఎదుటి మూలలకి గీతలు కలపండి. ఎన్ని త్రిభుజాలొచ్చాయి?" ఇక్కడ మూడు సెకన్లు ఏమీ మాట్లాడకండి. "మూడు. ఒక్కోదానిలో 180 డిగ్రీలు. మూడు నూటఎనభైలు 540. ఐదు భుజాలకి మూడే త్రిభుజాలెందుకు? ప్రతి భుజమూ ఎ తో కలిసి ఒక త్రిభుజం చేస్తుంది. ఎ దగ్గరే కలిసే రెండు భుజాలు మాత్రం చేయలేవు. అందుకే రెండు తక్కువ. మరి అష్టభుజికి ఎంత? నోట్సులో రాసుకుని రేపు తీసుకురండి."

అష్టభుజి జవాబు వీడియోలో చెప్పకండి. "సూత్రం ఎన్ మైనస్ 2 ఇంటూ 180" అని చివర్లో చదివేసినా పాఠం చెడుతుంది, ఎందుకంటే పిల్లలు సూత్రాన్ని పట్టుకుని కారణాన్ని వదిలేస్తారు. సూత్రం క్లాసులో వాళ్ల నోటి నుంచే వస్తుంది.

బొమ్మ విషయంలో ఒక జాగ్రత్త. భుజాలన్నీ సమానంగా ఉన్న చక్కటి పంచభుజి గీయకండి. అలా గీస్తే ఇది సమ పంచభుజికే వర్తిస్తుందని పిల్లల మనసులో పడిపోతుంది. భుజాలు పొట్టీ పొడుగూ ఉండాలి, కానీ ఏ మూలా లోపలికి గుంటపడకూడదు. గుంటపడితే కొన్ని మూలల నుంచి గీసిన కర్ణాలు బొమ్మ బయటికి పోతాయి.

మధ్యలో చుక్క పెట్టి ఐదు త్రిభుజాలు చేసి "900 వచ్చింది సార్" అనేవాళ్లుంటారు. చుక్క చుట్టూ ఉన్న 360 డిగ్రీలు అదనంగా కలిశాయి, అవి తీసేస్తే 540. ఇది మంచి విషయం, అందుకే దీనికి విడిగా ఇంకో వీడియో చేయండి. ఇందులో కలపకండి.

కాగితం, ఫోన్, వెలుతురు

నిలువు వీడియో నిష్పత్తి 9:16. ఏ4 కాగితం మీద పెన్సిల్‌తో లేతగా 15 సెం.మీ. వెడల్పు, 26.7 సెం.మీ. పొడవు పెట్టె గీయండి, అదే మీ ఫ్రేము. అందులో కింది నుంచి 5 సెం.మీ., కుడి వైపు 2.5 సెం.మీ., పైన 2 సెం.మీ. ఖాళీగా వదిలేయండి. లైక్, షేర్ గుర్తులు కుడి పక్కన, ఛానల్ పేరూ శీర్షికా కింద వచ్చి పడతాయి. 540 అనే జవాబు కింద రాశారంటే అది సగం మందికి కనపడదు. మిగిలిన చోటు 12.5 సెం.మీ. వెడల్పు, దాదాపు 20 సెం.మీ. పొడవు. ఒక బొమ్మకీ రెండు లైన్లకీ అది చాలు.

బాల్‌పెన్ పనికిరాదు. నల్ల మార్కర్‌తో బొమ్మ, ఎర్రదానితో కర్ణాలు గీయండి. అంకెలు కనీసం సెంటీమీటరు ఎత్తుండాలి. 15 సెం.మీ. ఫ్రేము 7 సెం.మీ. ఫోన్ తెర మీదకి వచ్చేసరికి ఆ అంకె అర సెంటీమీటరు కూడా ఉండదు.

ట్రైపాడ్ లేకపోతే రెండు స్టూళ్ల మీద ఒక చెక్క అడ్డంగా వేసి, తెర పైకి ఉండేలా ఫోన్ పడుకోబెట్టండి. కెమెరా చెక్క అంచు దాటి బయటికి రావాలి. ఫోన్ జారకుండా రబ్బరు బ్యాండ్ వేయండి. పెన్సిల్ పెట్టె తెరని సరిగ్గా నింపేదాకా ఎత్తు మార్చుకోండి. వైడ్ లెన్స్ వాడితే అంచుల దగ్గర గీతలు వంగుతాయి, 1ఎక్స్‌లోనే తీయండి. ఫోన్ పడుకుని ఉన్నప్పుడు రికార్డు నొక్కితే అది నిలువో అడ్డమో తేల్చుకోలేక వీడియో పక్కకి తిరిగి వస్తుంది. అందుకని నిలువుగా పట్టుకుని రికార్డింగ్ మొదలుపెట్టి, తర్వాతే పడుకోబెట్టండి. ముందు భాగం కోసేయొచ్చు.

ట్యూబ్‌లైట్ నెత్తి మీదుంటే ఫోన్ నీడ సరిగ్గా బొమ్మ మీద పడుతుంది, కొన్ని లైట్లకి వీడియోలో చారలు కూడా కదులుతాయి. పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి. కుడిచేతివాటం వాళ్లకి కిటికీ ఎడమ పక్కనుండాలి, అప్పుడు చేతి నీడ గీత మీద పడదు. ఫ్యాన్ ఆపండి. తెర మీద కాగితం ఉన్న చోట కాసేపు నొక్కి పట్టి ఏఈ/ఏఎఫ్ లాక్ (వెలుతురూ ఫోకసూ మారకుండా ఆపేది) చేయండి. లాక్ చేయకపోతే చెయ్యి ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా కాగితం ఒకసారి తెల్లబడి, ఒకసారి మసకబడుతుంది.

ఒక్కో గీత గీశాక చెయ్యి ఫ్రేము బయటికి పూర్తిగా తీసి ఒక సెకను ఆగండి. చాలా వీడియోల్లో పిల్లలకి కనపడేది గీత కాదు, టీచర్ మణికట్టు.

గొంతు విడిగా

మాట్లాడుతూ గీయడం చాలామందికి కుదరదు, గీత వంకర పోతుంది లేదా మాట తడబడుతుంది. ముందు గొంతు రికార్డు చేయండి. పరుపూ బట్టలూ ఉన్న చిన్న గది మంచిది, ఖాళీ గదిలో మోగుతుంది. ఫోన్ నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. తర్వాత ఆ మాటలకి తగ్గట్టు గీతల వీడియోని ఎడిటింగ్‌లో కోసి అతికించండి.

వెనక పాట వద్దు. మీరు చెబుతున్న ప్రతి మాటా తెర మీద అక్షరాల్లో పరిగెత్తడమూ వద్దు. బొమ్మ చూడాల్సిన కన్ను అక్షరాల వెంట పోతుంది. "3 × 180 = 540" చాలు.

అప్‌లోడ్ చేసే ముందు మరో లెక్కల టీచర్‌కి చూపించండి. యూట్యూబ్‌లో పెట్టేసిన వీడియోని అదే లింకులో మార్చి పెట్టడం కుదరదు. తీసేసి మళ్లీ పెట్టాలి, ఈలోగా తప్పు పంచుకునేవాళ్లు పంచుకుంటారు.

పిల్లలకి ఎలా పంపాలి

మీ క్లాసు పిల్లలకైతే లింకు పంపకండి. షార్ట్ అయిపోగానే వేలు పైకి పోతుంది, ఆ తర్వాత క్రికెటో డాన్సో వస్తుంది. అష్టభుజి అక్కడితో మరుగున పడుతుంది. వీడియో ఫైలునే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. సెకనుకి 8 మెగాబిట్ల లెక్కన ఎగుమతి చేస్తే నిమిషం వీడియో దాదాపు 60 ఎంబీ అవుతుంది. 720పీలో 2 మెగాబిట్లకి తగ్గిస్తే 15 ఎంబీ. మార్కర్ గీతలకి ఆ నాణ్యత సరిపోతుంది, తక్కువ డేటా ఉన్న ఇంట్లోనూ దిగుతుంది. పిల్లల ముఖాలు, పేర్లు వీడియోలో రానివ్వకండి.

మర్నాడు

క్లాసు మొదలవగానే వీడియో మళ్లీ వేయకండి. చిన్న చిట్టీలిచ్చి అష్టభుజి జవాబు రాయమనండి. రెండు నిమిషాల పని. వ్యూస్ లెక్క చెప్పనిది ఆ చిట్టీలు చెబుతాయి.

1080 రాసినవాళ్లకి అందింది. 900 రాసినవాళ్లు త్రిభుజాల బదులు కర్ణాలు లెక్కపెట్టారు: ఒక మూల నుంచి కర్ణాలు ఐదే, త్రిభుజాలు ఆరు. వాళ్లని గీసి, త్రిభుజాలకి నంబర్లు వేయమనండి. 1440 రాసినవాళ్లు భుజాల సంఖ్యనే గుణించారు లేదా మధ్యలో చుక్క పెట్టారు. ఏది చేశారో అడిగి తెలుసుకోండి. చుక్క పెట్టినవాళ్లకి రెండో వీడియో పంపండి. భుజాలు గుణించినవాళ్లకి "ఎ దగ్గర కలిసే రెండు భుజాలు" అన్న ముక్క అందలేదు. సగం క్లాసు అలాగే రాస్తే లోపం వీడియోలో ఉంది. ఆ రెండు భుజాల్నీ వేరే రంగుతో దిద్ది మళ్లీ తీయండి.

వారం తర్వాత ప్రశ్న తిరగేయండి: కోణాల మొత్తం 1260 అయితే భుజాలెన్ని? తొమ్మిది అన్నవాళ్లని ముందుకి పంపండి. ఏడు అన్నవాళ్లు భాగహారం బాగానే చేశారు, తీసిన రెండుని మళ్లీ కలపడం మరిచారు. వాళ్ల చేత ఒక సప్తభుజీ, ఒక నవభుజీ పక్కపక్కన గీయించి, రెండింట్లోనూ త్రిభుజాలు లెక్కపెట్టించండి.