‘ఎ హోల్ న్యూ వరల్డ్’ స్కూల్ వార్షికోత్సవంలో పాడాలంటే: మధ్యలో మారే శ్రుతిని పట్టుకోవడం ఎలా?

సంక్రాంతి సెలవులు అయిపోగానే నెల్లూరు, కావలి, ఒంగోలు స్కూళ్లలో వార్షికోత్సవాల హడావుడి మొదలవుతుంది. ప్రోగ్రామ్‌లో ఒక ఇంగ్లీషు పాట కూడా ఉండాలంటే, అబ్బాయీ అమ్మాయీ కలిసి పాడటానికి చాలామందికి ముందు గుర్తొచ్చేది ‘ఎ హోల్ న్యూ వరల్డ్’. 1992లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా ‘అలాదిన్’లో, ఎగిరే తివాచీ మీద నాయకుడు నాయికకు లోకం చూపిస్తూ పాడే పాట అది. వింటే చాలా తేలిగ్గా అనిపిస్తుంది. స్టేజీ ఎక్కాక మాత్రం, సగం దాకా చక్కగా పాడిన పిల్లలు ఉన్నట్టుండి తడబడతారు. టెన్షన్ వల్లేమో అనుకుంటాం గానీ అసలు కారణం వేరు. పాట నడిమధ్యలో శ్రుతి మారుతుంది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకైతే ఇది మరీ కొత్త. మన కృతి ఏదైనా సరే, మొదట పెట్టిన శ్రుతి చివరిదాకా కదలదు కదా.

కాబట్టి మాటలు బట్టీ పట్టించే ముందు శ్రుతి పని చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు పాటను బాగా వినిపించండి

ఈ పాటకు బాణీ కట్టింది ఆలన్ మెంకెన్, రాసింది టిమ్ రైస్. 1993లో ఉత్తమ పాటగా ఆస్కార్, ఆ మరుసటి ఏడాది గ్రామీ వచ్చాయి. దీనికి రెండు రూపాలున్నాయి. సినిమాలో వినిపించేది బ్రాడ్ కేన్, ఫిలిప్పీన్స్ గాయని లియా సలోంగా పాడింది. సినిమా చివర పేర్లు పడేటప్పుడు వచ్చేది పీబో బ్రైసన్, రెజీనా బెల్ పాడింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది ఈ రెండోదే. పిల్లలకు మాత్రం సినిమాలోదే వినిపించండి. రెండోదాంట్లో గొంతు విరుపులు, సాగదీతలు ఎక్కువ. వాటిని అనుకరించబోయి అసలు బాణీని వదిలేస్తారు.

పిల్లలకు నచ్చే సంగతి ఇంకోటుంది. సినిమాలో ఆ రెండు పాత్రలకు మాటలు చెప్పిన గొంతులు వేరు, పాట పాడిన గొంతులు వేరు. అచ్చం మన ప్లేబ్యాక్ పద్ధతే. ‘నా గొంతు ఆ బొమ్మకు సరిపోదేమో’ అని బిడియపడే పిల్లలకు ఈ మాట చెప్తే ధైర్యం వస్తుంది.

శ్రుతి ఎక్కడ, ఎంత మారుతుంది

సినిమా పాట రెండు శ్రుతిలో (కీబోర్డు మీద ‘డి’ మెట్టు) మొదలవుతుంది. అబ్బాయి చరణం, పల్లవి, ఆ తర్వాత అమ్మాయి పల్లవి అందుకోవడం అన్నీ అందులోనే. అమ్మాయి తన చరణం ఎత్తుకునే చోట పాట నాలుగు శ్రుతికి (‘ఎఫ్’ మెట్టు) వెళ్తుంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఇద్దరూ నాలుగులోనే పాడాలి.

మన సినిమా యుగళగీతాల్లో మామూలుగా ఇద్దరికీ ఒకే శ్రుతి ఉంటుంది. అమ్మాయి గొంతుకు సరిపడేట్టు పెడితే అబ్బాయి పైస్థాయికి పోవాల్సి వస్తుంది. మన నెల్లూరు బాలు గారు అంత పైన కూడా హాయిగా పాడేవారు కాబట్టి అదో కష్టమని మనకు ఎప్పుడూ తెలియలేదు. ఈ పాటలో కష్టాన్ని ఇద్దరికీ పంచారు. మొదటి సగంలో అమ్మాయికి కాస్త కింద పడుతుంది, రెండో సగంలో అబ్బాయికి కాస్త పైన పడుతుంది. అందుకే అబ్బాయి గొంతును మొదటి చరణంతో పరీక్షించి ‘సరిపోయింది’ అనుకోకూడదు. చివరి పల్లవి పాడించి చూడాలి. అమ్మాయి చేత ఆమె అందుకునే మొదటి పల్లవి పాడించాలి. ఈ రెండు చోట్లా ఇబ్బంది లేకపోతే మిగతా పాట గురించి దిగులక్కర్లేదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలకు గొంతు మారుతూ ఉంటుంది. వాళ్లను పైకి లాగొద్దు, పాటనే కిందికి దించండి. దించేటప్పుడు ఒక లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. రెండు నుంచి నాలుగుకు పోతోంది కాబట్టి, ఒకటితో మొదలుపెడితే మూడుకు పోవాలి అనుకుంటారు. అది తప్పు. కీబోర్డు మీద మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు, అంటే మూడున్నర శ్రుతి అనేదే లేదు. రెండు నుంచి నాలుగుకు మూడు మెట్లే: రెండున్నర, మూడు, నాలుగు. అదే ఒకటి నుంచైతే ఒకటిన్నర, రెండు, రెండున్నర. కాబట్టి ఒకటితో మొదలైన పాట రెండున్నరకు వెళ్లాలి, ఒకటిన్నరతో మొదలైతే మూడుకు. ఇద్దరూ అమ్మాయిలే పాడుతుంటే నాలుగుతో మొదలుపెట్టి ఐదున్నరకు వెళ్లొచ్చు. కరోకే యాప్‌లో ‘మైనస్ రెండు’ పెడితే రెండు మెట్లు దిగుతుంది. అంటే రెండు శ్రుతి పాట ఒకటికి వస్తుంది, తర్వాతి మార్పు కూడా దాంతోపాటే దిగుతుంది.

‘స’ను కదిలించడం నేర్పండి

పాట మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ట్రాక్ పక్కన పెట్టేయండి. శ్రుతిపెట్టె గానీ, ఫోన్లో తంబూరా యాప్ గానీ రెండులో పెట్టండి. మొదటి సగం శంకరాభరణం రాగం స్వరాల్లో నడుస్తుంది కాబట్టి ముందు పిల్లల చేత ఆ ఆరోహణ, అవరోహణ పాడించండి. తర్వాత ‘స, రి’ పాడి, ఆ రాగంలోని అంతర గాంధారానికి బదులు, దానికన్నా ఒక మెట్టు కింద ఉండే సాధారణ గాంధారం మీద ఆపించండి. అభేరి రాగం వచ్చిన పిల్లలకు ఆ గాంధారం వెంటనే దొరుకుతుంది. దాన్ని పొడుగ్గా పట్టుకుని ఉండమని చెప్పి, తంబూరాను నాలుగుకు మార్చండి. ఇప్పుడు వాళ్ల నోట్లో ఉన్న గాంధారమే కొత్త షడ్జమం. అదే స్వరాన్ని ఆపకుండా ‘స’ అని పలికించి, అక్కణ్ణుంచి మోహన ఆరోహణ పాడించండి. మోహన శుద్ధంగా పలికిందంటే ‘స’ కుదురుకున్నట్టే. పలకలేదంటే చెవి ఇంకా పాత షడ్జమం దగ్గరే ఉందన్నమాట. మళ్లీ మొదటినుంచి రావాలి.

రోజూ సాయంత్రం మిద్దె మీద కాసేపు కూర్చోబెట్టి ఇదొక్కటే చేయించినా చాలు. కొన్నాళ్లకు తంబూరా మార్చకముందే పిల్లలు కొత్త ‘స’ను వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. అప్పుడు తంబూరా పూర్తిగా ఆపేసి పాడించండి. చివర్లో మళ్లీ నాలుగులో పెట్టి, జారారో లేదో సరిచూడండి. ట్రాక్ సాయం లేకుండా ఇది వచ్చిన పిల్ల, స్టేజీ మీద స్పీకర్ సరిగ్గా వినపడకపోయినా తప్పిపోదు.

గమకం వద్దు, స్వరాన్ని నిలపండి

కచేరీ సంగీతం నేర్చుకునే పిల్లలకు మధ్యమం, నిషాదం దగ్గర గొంతు దానంతటదే ఊగుతుంది. ఈ పాటలో అలా ఊపితే బాణీ చెదిరిపోతుంది. ‘గమకాలు తీసెయ్’ అంటే పిల్లలకు అర్థం కాదు. దీక్షితార్ నొట్టుస్వరాలు వచ్చి ఉంటే ‘అవి పాడినట్టు పాడమ్మా’ అనండి, చాలు. అవీ పాశ్చాత్య బాణీలే, శంకరాభరణం స్వరాల్లో సాదాగా నడిచేవే.

ఉచ్చారణకు పెద్ద కష్టం లేదు. మాట చివర మనకు అలవాటైన ‘ఉ’కారం తగిలించకుండా చూసుకోవాలి. సాగదీయాల్సిన చోట అచ్చు మీద సాగదీసి, హల్లును చివర్లో మాత్రమే పలకాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పాట కాగితం మీద పెన్సిల్‌తో గీతలు పెట్టండి. ఇద్దరివీ ఒకే కాగితం మీద ఉంటే మంచిది.

ఒకరి పాట ఒకరికి రావాలి

చివరి భాగంలో ఒకరి వాక్యం పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. తన లైన్లే నేర్చుకున్న పిల్లలు ఇక్కడ ఎదుటివాళ్ల వెంట పోతారు. అందుకని అబ్బాయి పాట అమ్మాయి చేత, అమ్మాయి పాట అబ్బాయి చేత పూర్తిగా పాడించండి. చేత్తో నాలుగు లెక్క వేస్తూ, తన మాట ఏ లెక్క మీద మొదలవుతుందో ఒక్కొక్కరూ చెప్పగలగాలి. చివర్లో ఇద్దరూ కలిసే చోట ఒకరు మరొకరిని మించకూడదు. గొంతు పెద్దగా ఉన్నవాళ్లను తగ్గించమనండి, చిన్నగా ఉన్నవాళ్లను అరవమనొద్దు.

స్టేజీ రోజు

పురమందిరం లాంటి హాల్లో అయినా, స్కూల్ గ్రౌండ్‌లో షామియానా కింద అయినా ఇబ్బంది ఒకటే. స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి, పాడేవాళ్లకు ట్రాక్ ఆలస్యంగా, మసకగా వినపడుతుంది. మైక్ సెట్ వాళ్లను ముందే కలిసి, ‘అన్నా, ఒక బాక్సు స్టేజీ వైపు తిప్పి పెట్టు’ అని అడగండి. మైకులు రెండు కావాలి. ఒకటే మైకు చేతులు మార్చుకుంటూ ఈ పాట పాడటం కుదరదు, చివరి భాగంలో ఇద్దరూ ఒకేసారి పాడాలి. ట్రాక్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి అక్కడి సిస్టమ్‌లో ఒకసారి మొత్తం వేయించి చూడండి. ఫోన్ నుంచి వేయక తప్పకపోతే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

సౌండ్ చెకింగ్‌కు ఐదు నిమిషాలే దొరికితే పాట మొదలు పాడించకండి. అబ్బాయి చరణం, పల్లవి దాటించి, అమ్మాయి పల్లవి చివరి లైన్ దగ్గర ట్రాక్ మొదలుపెట్టించి, ఆమె చరణం రెండు లైన్లు అయ్యేదాకా పాడించండి. కొత్త ‘స’ అక్కడ ఆ స్పీకర్లలో వినపడిందో లేదో పిల్లలనే అడగండి. వినపడలేదంటే బాక్సు ఇంకాస్త దగ్గరికి జరిపించండి.